పటములకు పేర్లు

ఉద్యోగమునకు చివరి దినమును నియమావళి నిర్ణయించును. ఇష్టపడి చేయు పనికి మాత్రము ఆ దినమును మనమే నిర్ణయించుకొనవలెను. రెండవది మొదటిదానికన్న కష్టమని, కోయంబత్తూరులో ఒక మిల్లు లెక్కల శాఖనుండి విశ్రాంతి పొందిన పిమ్మట మాకు తెలిసివచ్చినది.

ఉద్యోగకాలమున ఆదివారములే మావి. అప్పుడు కెమెరా భుజమున వేసికొని పీలమేడు ప్రాంతపు పాత ఇండ్లను, సెలవులు కలిసివచ్చినపుడు మదురలోని తెలుగువారి ఇండ్లను పటములు తీయుచు వచ్చితిమి. “ఇక మీకు తీరికే తీరిక, ఎన్ని పటములైనను తీయవచ్చును” అని మిత్రులనిరి. మేము మాత్రము కెమెరాను పెట్టెలో పెట్టి, తీసినవాటిని ముగింపునకు తేవలెనని నిశ్చయించుకొంటిమి. కారణము చెప్పెదము.

కోయంబత్తూరు తెలుగువారికి కెమెరా క్రొత్త వస్తువు కాదు. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు 1936లో లండనునందు ఐదవ జార్జి అంత్యయాత్రను చిత్రీకరించి వచ్చిరి. పెండ్లి పటములు, సన్మానసభల పటములు మన ఇండ్లలో నేటికిని గోడలకు వ్రేలాడుచున్నవి. అయితే తిన్నె, నడవ, గాదె, తిరగలి, వీనిని పటము తీయించి దాచుకొన్నవారు అరుదు.

మదుర మనకు మరియొక పాఠము చెప్పును. అచట 1623 నుండి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని మహలును, 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికాధికారి మదరాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడుగా వచ్చి పటములు తీసెను. నాటికి మహలు శిథిలమై యుండెను. నేపియరు ప్రభువు గవర్నరుగానున్న 1866-72 నడుమగాని దానికి పునరుద్ధరణ కలుగలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్ ఖర్చు హెచ్చని ట్రైప్ పనిని నిలిపివేయించెను. ఉద్యోగము పోయినది, పటములు నిలిచినవి. ఏలయన, అవి అప్పటికే పేర్లతో, వివరణలతో సంపుటములుగా వెలువడియుండెను.

పేరు లేని పటము సగము పటమే. మా పటములలోని తిన్నె తెలుగువారిదో, ప్రక్కయింటి తమిళులదో చూచి చెప్పుట ఎవరి తరము? ఒకే మేస్త్రీలు కట్టినవి, ఒకే పెంకు కప్పినవి. భేదమంతయు ఆ వస్తువును ఇంటివారు పిలుచు మాటలోనే యున్నది. మనవారు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో తమిళము చదువుదురు. పెక్కుమందికి తెలుగు లిపి రాదు. కనుక ఆ మాటకు నాలుకయే నెలవు. గోడను రేపైనను పటము తీయవచ్చును. పేరు చెప్పగల అవ్వ రేపు ఉండునన్న నమ్మకమేమి?

అందుచేత అచ్చువేయించిన పటములను చేతబట్టుకొని మరల ఆ ఇండ్లకే వెళ్లితిమి. వెలుగునీడలు చక్కగా కుదిరినవని మేము మురిసిన ఒక పటమును చూచి, పీలమేడులో ఒక అవ్వ, “ఇంత పెద్ద పటంలో మా అత్తగారి తిరగలి మూలకు పోయిందే!” అనినది. పిదప అందులోని వస్తువులన్నింటిని వేలితో చూపి పేర్లు చెప్పి, “మా మనమరాలికి తెలుగు అక్షరాలు రావు నాయనా, అది చదువుకొనేటట్టు రాయి” అనినది.

ఆ కోరికయే మా గ్రంథమునకు రూపమిచ్చినది. ప్రతి పటము క్రింద ఒకే తెలుగు మాటను తెలుగు లిపిలోను, తమిళ లిపిలోను వ్రాసితిమి. తమిళమున కకార గకారములకు ఒకే అక్షరము. ‘గాదె’ అని మేము వ్రాసినను పిల్లలు ‘కాదె’ అని చదువుదురు. ఆ కొఱతను తీర్పవలసినది అవ్వ నోరే. పిల్ల చదువవలెను, అవ్వ దిద్దవలెను. ఇరువురు ఒకచోట కూర్చుండనిదే పుస్తకము పూర్తికాదు.

పటము తీసిన ప్రతి ఇంటికి ఒక ప్రతి అందజేసిన నాడే పని ముగిసినదని మేము భావించితిమి. ఇక ఈ సంచిక చదువు సోదరసోదరీమణులకు మా విన్నపమొకటి. మీ ఇంటి పాత పటములను నేడే క్రిందికి దింపి, పెద్దలనడిగి, వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఏ లిపిలో వ్రాసినను సరియే. మాట మాత్రము వారు పలికినదే కావలెను.