ఇసుక గడియారం

శనివారం రాత్రులు ఇషా నమాజు తర్వాత మా ఇంట్లో స్క్రాబుల్ ఆడటం రెండేళ్లుగా అలవాటు. పాచికల ఆటను తీవ్రంగా గర్హించే హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నందున అటువంటివి మా గడప దాటి లోపలికి రావు. స్క్రాబుల్‌లో పాచికలుండవు. సంచిలోంచి ఏడేసి అక్షరాల బిళ్లలు తీసుకుని బల్లపై ఆంగ్ల పదాలు కూర్చాలి. నా ఆంగ్లం అంతంత మాత్రమే కనుక లెక్క రాసే పని నాది. ఆడేది మా భాయిజాన్, నా కుమార్తె, ఇద్దరు కుమారులు.

భాయిజాన్ ఆంగ్లోపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత పక్షవాతం వచ్చింది. అల్లాహ్ దయవల్ల నడక, మాట తిరిగి వచ్చాయి గానీ, తెలిసిన పదమైనా వెతుక్కుంటే గాని దొరకదు. ఆయన వంతు వస్తే ఒక్కోసారి పది నిమిషాలు పట్టేది. చిన్నవాడు గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. అప్పుడు నా కుమార్తె పాత ఆటపెట్టెలోంచి రెండు నిమిషాల ఇసుక గడియారం తెచ్చింది. నేను సరేనన్నాను. సూరె అల్ అస్ర్‌లో అల్లాహ్ కాలంపై ప్రమాణం చేశాడని పగలంతా పిల్లలకు బోధించేవాణ్ణి. రెండు నిమిషాలు అందరికీ సమానమే కదా, ఇందులో అన్యాయమేముంది అనుకున్నాను.

ఆ రాత్రి భాయిజాన్ మూడక్షరాల పదాలే పెట్టారు. నాలుగో వంతులో ఏదో పెద్ద పదానికి బిళ్లలు పేరుస్తుండగా ఇసుక అయిపోయింది. "టైమైపోయింది, బడే అబ్బా" అన్నాడు చిన్నవాడు. ఆయన మారు మాట్లాడకుండా బిళ్లలు వెనక్కి తీసుకున్నారు. మరుసటి శనివారం తలనొప్పి అని కబురు పంపారు. ఆ పై వారమూ అంతే. ఇసుక జారుతుంటే నోటిదాకా వచ్చిన పదం పారిపోతోందని ఆయన అన్నట్లు భాభీ నా భార్యతో చెప్పారు.

హిఫ్జ్ తరగతిలో బాలుడు ఆయతు మధ్యలో ఆగితే నేను వెంటనే అందించను. పెదవులు కదులుతున్నంతసేపు వేచి ఉంటాను. తొందరపడి అందిస్తే ఆ చోటు వాడికి పట్టుబడదు. ఇరవై ఏడేళ్లుగా పరాయి పిల్లల విషయంలో పాటిస్తున్న ఓర్పు సొంత అన్న విషయంలో గుర్తుకు రాలేదు. ఆయన ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. ఆయన నవ్వి, "పిల్లవాడి నిద్ర మాత్రం నిజమే కదా" అన్నారు. అదీ నిజమే. ఆలోచించేవాడికి ఉన్నట్లే ఎదురుచూసేవాడికీ హక్కుంది.

దారి నా కుమార్తే చెప్పింది. స్క్రాబుల్ పోటీల్లో వంతుకింతని కాక, మొత్తం ఆటకు ఒక్కొక్కరికి 25 నిమిషాలు ఇస్తారట. తేలిక వంతుల్లో మిగిల్చుకున్నది కష్టమైన వంతులో వాడుకోవచ్చు. మేము ఒక్కొక్కరికి 15 నిమిషాలు పెట్టుకున్నాం. లెక్క ఫోను చూసుకుంటుంది. భాయిజాన్‌కు 25 ఇద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అందరికీ ఎంతో నాకూ అంతే" అన్నారు.

మొన్న శనివారం ఒక్క 'క్విల్ట్' కోసం తొమ్మిది నిమిషాలు ఖర్చు చేశారు. చివరి రెండు వంతులకు ఆయన వద్ద కాలం మిగల్లేదు, ఓడిపోయారు కూడా. ఆ తొమ్మిది నిమిషాల్లో చిన్నవాడు రెండుసార్లు లేచివెళ్లి నీళ్లు తాగి వచ్చాడు.