ఇనుపరేకు

నిరుడు జొన్నకోతల వేళ సిరిగేరిలోని మా యింటికి ఒక తల్లి వచ్చెను. ఆమె కుమారుడు మా పాఠశాలలో చదివి సైన్యమున చేరినవాడు. "అయ్యవారూ, మావానికి గుండు తగలకుండా గుడ్డ చొక్కా ఇచ్చినారంట. గుడ్డ గుండును ఆపుతుందా? కమ్మరికి చెప్పి ఇనుపరేకు చేయించి పంపేదా?" అని యడిగెను. మేము కర్నూలున శిక్షణ పొంది, కర్ణుని కవచమును గూర్చి యేటేట పాఠము చెప్పు తెలుగు పండితులము. "ఇనుము గుడ్డకంటె గట్టిదే కదమ్మా, పంపించు" అంటిమి. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు సామాన్యశాస్త్రోపాధ్యాయుల నడిగి, పుస్తకములు తిరుగవేసితిమి.

పిస్తోలు గుండు ఇంచుమించు 8 గ్రాములు. దాని వేగము సెకనుకు 350 మీటర్లు. ఏ.కె.47 తుపాకి గుండును 8 గ్రాములే. వేగము మాత్రము 710 మీటర్లు. వేగము రెండింతలైన శక్తి నాలుగింతలగును. కావున ఒక గుండు నాపినది వేరొక గుండు నాపునని చెప్పరాదు.

ఆ గుడ్డ మన బళ్లారి పత్తిగుడ్డ కాదు. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు కనుగొనిన కెవ్లార్ వంటి నార. సమానమైన బరువున ఉక్కుకంటె ఐదింతలు బలము గలది. పొరలు పొరలుగా వలవలె గుండును పట్టి, మొనను చదునుచేసి, దెబ్బను విశాలముగా పంచును. పిస్తోలు గుండునకు చాలును. రైఫిలు గుండునకు చాలదు. అందుచే చొక్కాలో పలకల నుంచెదరు.

ఆ పలక ఉక్కైనచో? 25 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల మందము గలది మూడున్నర కిలోలు తూగును. ముందు వెనుకలకు ఏడు. ప్రత్యేకముగా గట్టిపరచిన ఉక్కు పలు గుండ్లకోర్చును. కమ్మరి కొట్టిన మెత్తని యినుము అట్టిది కాదు. మరియు ఉక్కుపై చిట్లిన గుండు తునకలు ప్రక్కలకెగసి మెడను, గడ్డమును గాయపరచును. ఈ సంగతి చదివినపుడు మా గుండె ఝల్లుమనెను.

బోరాన్ కార్బైడు అను పింగాణిజాతి పదార్థము ఉక్కుకంటె మిక్కిలి కఠినము. అదే పరిమాణమున ఉక్కు బరువులో మూడవవంతు మాత్రమే. దానిపై గుండు మొన పగిలిపోవును. పలకయు అచ్చట బీటవారును. తునకలను వెనుకనున్న నారపొర పట్టుకొనును. బీటవారిన చోటనే రెండవ గుండు తగిలిన రక్షణ తగ్గును. పాలిథీన్ నార పలక నీటిపై తేలునంత తేలిక. కాని గట్టి ఉక్కు మొన దానిని దూసికొని పోవచ్చును, వేడికి అది మెత్తబడును.

కావున ఏ యొక్కటియు సర్వరక్షకము కాదు. కఠినమైనది గుండును పగులగొట్టవలెను. సాగునది దానిని పట్టవలెను. భాభా అణుపరిశోధన కేంద్రము రూపొందించిన భాభా కవచము ఇట్టి కూర్పే. దానిని తయారుచేయునది హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్. అర్జున్ ట్యాంకు కాంచన్ కవచమునకును ఆ పేట పేరే వచ్చినది. ఇట్టి చొక్కాల పరీక్షకై 2018లో ఐ.ఎస్. 17051 అను భారత ప్రమాణము వెలువడినది.

మేము కొలిమికి పోవునప్పటికి రేకు సిద్ధమై యున్నది. "అమ్మా, తెలియక చెప్పినాము. ఇది పంపవద్దు. వారిచ్చిన చొక్కానే, బరువని పలకలు తీయకుండా తొడుక్కొమ్మని జాబు వ్రాయించు" అని, కారణములన్నియు వివరించితిమి. ఆమె శ్రద్ధగా విని, "పెంకు వెనుక గోనెసంచి కట్టినట్ల కదా, సామీ" అనెను. అంతకంటె చక్కగా మేమును చెప్పలేము. కమ్మరి ఆ రేకును రొట్టెల పెనముగా మార్చి యిచ్చెను.

బాలలారా, తెలుగుబడి పిల్లలకు శాస్త్రమందదని మన ప్రాంతమున అనువారు కలరు. బడికి పోని యొక తల్లి తెలుగున విని, తెలుగుననే దానికి ఉపమానము చెప్పినది. మీరును అడుగుడు. మాకు తెలియనిచో, తెలియదని చెప్పి, తెలిసికొని వచ్చి చెప్పెదము.