తెర మీది కన్ను

ఎద్దుకు వేసే వాత, చాకలి బట్ట అంచున పెట్టే చుక్క, బీడీకట్టకు అంటించే లేబులు - యివన్నీ చేసేది ఒక్కటే పని. "యిది ఫలానావారిది సుమా!" అని నోరు విప్పకుండా చెప్పడం. టెలివిజనుకూ అటువంటి గుర్తు ఒకటి వుంటుంది. కార్యక్రమానికీ కార్యక్రమానికీ నడుమ కొద్ది క్షణాలు తెరమీద మెరిసి, ఒక బాణీ వినిపించి వెళ్ళిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో మనం కాఫీ గ్లాసు అందుకుంటాం, పిల్లవాణ్ణి కసురుకుంటాం. దాన్ని చూశామన్న ధ్యాసే మనకుండదు. కాని పాతికేళ్ళు గడిచాక ఎవరైనా ఆ బాణీని ఈల వేస్తే చాలు, ఆనాటి గదీ, గదిలోని మనుషులూ, పొయ్యిమీది చారు వాసనతో సహా వచ్చి ఎదుట నిలబడతారు.

యీ గుర్తుల చరిత్ర చిన్నదేమీ కాదు. లండనులో బి.బి.సి. టెలివిజను వారికి కదిలే గుర్తును 1953లో ఏబ్రమ్ గేమ్స్ అనే చిత్రకారుడు చేసి యిచ్చాడు. అది కాగితం మీద గీసిన బొమ్మ కాదు. నిజంగానే ఒక యంత్రం కట్టి దాన్ని ఫిలిము తీశారు. మనకు తెరకంటె ముందు రేడియో వచ్చింది గనక బొమ్మకంటె ముందు బాణీయే వచ్చింది. ఆకాశవాణి ప్రసారాల ఆరంభ బాణీ కూర్చినవాడు వాల్టర్ కాఫ్మన్. ఐరోపాలో యూదులకు నిలువ నీడలేని రోజుల్లో బొంబాయి చేరి రేడియోలో పని చేసిన సంగీతజ్ఞుడాయన. పరదేశి కూర్చిన బాణీని మనవాళ్ళు పొద్దున్నే ముఖం కడిగే వేళకు అలవాటు చేసుకున్నారు.

1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడింది. వేరు కాపురం పెట్టినవాళ్ళకు సొంత గిన్నెలు కావాలి గదా! అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదువుకున్న దేబాశీష్ భట్టాచార్య గీసిన కన్ను దానికి గుర్తయింది. రెండు వంపులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి చివరకు కన్నుగా నిలుస్తాయి. వెనకనుంచి వచ్చే బాణీ పండిత రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కూర్చినది.

యిక మా సంగతి. నా పుట్టిల్లు కోరుట్ల, మేనత్తది సిరిసిల్ల, అత్తవారిల్లు జగిత్యాల. ఒక్క గుర్తే యీ మూడు ఊళ్ళలో మాకు మూడు తీర్లుగా చేరింది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు 1977లో మొదలైనా, సుమారు 200 కిలోమీటర్ల అవతల వున్న మా యింటికి టెలివిజను వచ్చేసరికి 1985 దాటింది. బాపు యింటిమీద ఇనుప గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెనా కట్టించి, బూస్టరు తగిలించాడు. యింత చేసినా తెర నిండా చుక్కల వానే! అన్నయ్య పైకెక్కి గొట్టం తిప్పడం, నేను వాకిట్లో నిలబడి "అచ్చింది, అచ్చింది... పోయింది!" అని అరవడం, యిదీ మా సాయంకాలపు కార్యక్రమం. నాయినమ్మ మాత్రం చాట ముందర వేసుకుని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పేది:

"సన్నాయి అచ్చింది బిడ్డా. బొమ్మెక్కడికి పోతది, ఎనకనే అస్తది."

కోరుట్లలో మాకు దూరదర్శన్ అంటే చెవులతో చూసే వస్తువు. 1983 నవంబరు 14న తెలుగులో తొలిసారి టీవీ వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు కూడా మాకు ముందు గొంతుగానే పరిచయం. ముఖం తరువాత వచ్చింది.

సిరిసిల్లలో దీనికి పూర్తిగా తిరకాసు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. మేనత్త యింటికి అటూ యిటూ సాంచాలే. వాటి మోతలో పక్కమనిషి పిలుపే వినబడదు, యిక సన్నాయి ఎక్కడ వినబడుతుంది? కరెంటు పోతే సాంచాలు ఆగి ఊరంతా నిశ్శబ్దమయ్యేది. హాయిగా విందామంటే, కరెంటుతోపాటు టీవీ కూడా పోయేది! అందుచేత మేనత్తకు దూరదర్శన్ అంటే వట్టి బొమ్మ. కండెలు చుట్టుకుంటూ ఓరకంట చూస్తూ వుండేది. వంపులు తిరగడం మొదలు కాగానే చేతిలో పని పక్కన పెట్టేది. శుక్రవారం చిత్రలహరి నాడైతే పక్కింటివాళ్ళను కూడా పిలిచేది.

మేనత్తకు చదువు రాదు. దూరదర్శన్ అన్న పేరు ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఆమెకది "కన్ను". "కన్ను పెట్టరా" అంటే పిల్లలకు అర్థమయ్యేది. 1990లలో ఉపగ్రహం ద్వారా ప్రాంతీయ చానళ్ళు వచ్చి, తెలుగుకు డీడీ-8 అని అంకె పడింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. ఆ యేడే జెమిని కూడా వచ్చింది. కేబులు తీగ యింటింటికీ పాకింది. చానళ్ళు పెరిగినకొద్దీ మేనత్త దేనికదే పేరు పెట్టుకుంది. ఒకటి రంగును బట్టి, ఒకటి దాని తిరుగుడును బట్టి. ఏ వేళకు ఏ గుర్తు వస్తుందో ఆమెను అడిగి చెప్పించుకునేవాళ్ళం.

చదువురానితనం కాదండీ అది. అదొక రకం చదువు. 1951-52లో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు అక్షరాలు రాని కోట్లాది ఓటర్లు గుర్తులు చూసే గదా తమ మనిషిని ఎన్నుకున్నది!

యిక మూడవది పేరు. అది మాకు జగిత్యాలలో ఎదురైంది. 2000 తరువాతి తొలి యేళ్ళలో మన తెలుగు దూరదర్శన్‌కు సప్తగిరి అని పేరు పెట్టారు. మా మామగారు బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ పేరు తెరమీద కనబడినప్పుడల్లా, "ఏడుకొండలవానికి దండమే! కని మన చుట్టు కొండగట్టున్నది, ధర్మపురి వున్నది, వేములవాడ వున్నది. మన దిక్కు పేరు ఎన్నడన్న తెరమీద కనబడతదా?" అనేవారు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ యేడే సప్తగిరి పేరు విజయవాడ కేంద్రానికి వెళ్ళి, హైదరాబాదు చానల్ యాదగిరి అయింది. ఆ పేరు మొదటిసారి తెరమీద కనబడేసరికి మామగారు కళ్ళద్దాలు వెతుక్కుంటున్నారు. అవి దొరికేలోగా అది కాస్తా వెళ్ళిపోయింది. భోజనానికి లేవమంటే లేవలేదు. "మళ్ళ అచ్చేదాంక ఆగుండ్రి" అన్నారు. మళ్ళీ వచ్చింది. చూశారు. ఒక్క మాటయినా మాట్లాడకుండా లేచి కాళ్ళు కడుక్కున్నారు. అత్తగారే, "అన్నదమ్ములు ఏరుపడితే పళ్ళేల మీద పేర్లు చెక్కించుకుంటరు. తినేది గా బువ్వనే" అని వడ్డించింది.

పేరు మారినా కన్ను దూరదర్శన్ యింటి గుర్తుగా నిలిచే వుంది. అయినా మేనత్తకు దాన్ని చేరుకునే దారే మూసుకుపోయింది. 2012 నుంచి 2017 దాకా దేశమంతటా విడతలవారీగా కేబులు ప్రసారాలు డిజిటల్ అయ్యాయి. యింటికో సెట్‌టాప్ బాక్సు వచ్చింది. మేనత్త యింట్లో తెర తెరిస్తే ముందు కనబడేది కన్ను కాదు, ఇంగ్లీషులో ఒక పట్టిక. చానల్ కావాలంటే మూడు అంకెలు నొక్కాలి. ఎనభై దాటిన మనిషి ఒకనాడు నాతో అన్నది:

"నా యింట్ల నా టీవీ చూసుకోనీకి పోరగాని గడ్డం పట్టుకోవాల్నా బిడ్డా?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఆమె అడుగుతున్నది వినోదం కాదు. తన యింట్లో తన పని తాను చేసుకునే స్వతంత్రం. మనవడు మంచివాడు. ఒక్క మీట నొక్కితే ఆమెకు కావలసిన చానలే వచ్చేటట్టు ఏర్పాటు చేశాడు. ఆ మీటను ఆనవాలు పట్టడమెలా? మేనత్త అద్దానికి అంటించి వున్న బొట్టుబిళ్ళ ఒకటి తీసి దాని మీద అతికించింది. కొన్నాళ్ళు సుఖంగా గడిచింది. ఆ తరువాత చానళ్ళ అంకెలన్నీ మారిపోయి, బొట్టుబిళ్ళ నొక్కితే ఏదో భాష సినిమా రాసాగింది. మనవడు మళ్ళీ సరిచేశాడు.

పాత గుర్తు పాచిపోయిందని కొత్తది పెట్టడం, అంకెలు అటూ యిటూ మార్చడం మనబోటివారికి చొక్కా మార్చుకున్నంత సులభం. కాని గుర్తు తప్ప మరో దారి తెలియని మనిషికి, తెల్లవారేసరికి వీధి చివరి యిల్లు మాయమైనట్టు వుంటుంది. యీ మార్పులు చేసే పెద్దలెవరైనా నా మాట వింటారని కాదు గాని, కలం పట్టే ముందు సిరిసిల్లలో ఒక రిమోటు మీద ఎర్ర బొట్టుబిళ్ళ వుందన్న సంగతి వారి చెవిని వేయాలనిపించింది.