మంచుతో ఒళ్లు రుద్దుకునే బాయిలర్!

నీళ్లను ఆవిరి చేసే బాయిలర్‌ని దేంతో శుభ్రం చేస్తారు? వేణ్నీళ్లతోనా, సబ్బుతోనా, ఇసుకతోనా? ఇవేవీ కాదు... మంచుతో! అమెరికాలోని హ్యూస్టన్‌ శివార్లలో వేసవికి ముందోసారి, చలికాలానికి ముందోసారి కనిపించే తంతు ఇది.

హ్యూస్టన్‌ నుంచి 225వ నంబరు రహదారి మీద తూర్పుగా వెళితే మొదట పాసడీనా, ఆ తర్వాత డీర్‌ పార్క్‌ వస్తాయి. పేరులో జింకలున్నాయి కదాని వెతుక్కోవద్దు. కనుచూపు మేరా చమురు శుద్ధి కర్మాగారాలు, తెల్లటి ట్యాంకులు, ఒకదాని మీదొకటి పేర్చినట్టు పైపులు. ఎడమ చేతివైపు ఓడలు తిరిగే కాలువ. ఇంకాస్త ముందుకెళితే శాన్‌ జసింటో స్మారక స్తంభం. 1836 ఏప్రిల్‌ 21న మెక్సికో సైన్యాన్ని ఓడించి టెక్సస్‌ స్వతంత్రం తెచ్చుకున్న మైదానమది. స్తంభం ఎత్తు 567 అడుగులు. వాషింగ్టన్‌ స్తంభం కంటే ఎత్తు అని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ చుట్టుపక్కలే, రిఫైనరీల నడుమ పొగ కనిపించని చిమ్నీలు కొన్ని ఉంటాయి. వాటిని ఆనుకుని కిటికీల్లేని ఏడెనిమిది అంతస్తుల ఇనుప డబ్బాలు. గ్యాస్‌తో నడిచే విద్యుత్కేంద్రాలవి. మన గోదావరి జిల్లాల్లో విజ్జేశ్వరం, జేగురుపాడుల్లో కట్టినవీ ఈ తరహావే.

వేడిని పట్టే వల

గ్యాస్‌ని మండించి టర్బైన్‌ తిప్పితే కరెంటు వస్తుంది. బయటికొచ్చే వాయువు వేడి ఇంకా 600 డిగ్రీల దాకా ఉంటుంది. దాన్ని గాలికొదిలేస్తే డబ్బుని తగలేసినట్టే. అందుకే ఆ ఇనుప డబ్బాలోకి మళ్లిస్తారు. లోపల వేల గొట్టాలు. వాటిలో నీళ్లు. వాయువు వాటి మధ్యనుంచి వెళుతూ వేడినంతా నీళ్లకిచ్చి, వంద డిగ్రీలకు అటూ ఇటూ చల్లబడి చిమ్నీ ఎక్కుతుంది. పుట్టిన ఆవిరి ఇంకో టర్బైన్‌ని తిప్పుతుంది. కేంద్రం ఇచ్చే మొత్తం కరెంటులో సుమారు మూడోవంతు ఇలా వచ్చిందే.

వేడి బాగా అందాలని ప్రతి గొట్టం చుట్టూ పలుచటి రేకులు చుడతారు, అంగుళానికి ఆరేడు చొప్పున. ఇబ్బందంతా అక్కడే. తుప్పు రాలి రేకుల మధ్య ఇరుక్కుంటుంది. పొగలోని నైట్రోజన్‌ ఆక్సైడ్లను తగ్గించడానికి చల్లే అమోనియాలో కొంత మిగిలిపోయి, గ్యాస్‌లోని రవ్వంత గంధకంతో కలిసి జిగురులాంటి లవణమవుతుంది. చిమ్నీ దగ్గరి చల్లటి గొట్టాలకు అది అతుక్కుంటే ఇక వదలదు. వాయువుకి దారి ఇరుకై టర్బైన్‌కి ఎదురొత్తిడి మొదలవుతుంది. ఆ ఒత్తిడి నాలుగంగుళాల నీటిమట్టమంత పెరిగితే చాలు, టర్బైన్‌ ఉత్పత్తి 0.4 శాతం పడిపోతుంది. 300 మెగావాట్ల యంత్రమైతే 1.2 మెగావాట్లు! గంటగంటకీ, రోజురోజుకీ.

నీళ్లతో కడగొచ్చుగా అంటారా? ఆ లవణం తడిస్తే ఆమ్లమై గొట్టాల్నే తింటుంది. ఇసుక కొడితే మడ్డితో పాటు రేకులూ అరిగిపోతాయి. పైగా ఆ ఇసుకనంతా ఎత్తిపోయాలి.

పెళ్లి పొగే... పని వేరు

పెళ్లి వేదిక మీద వధూవరుల కాళ్ల దగ్గర తెల్లటి పొగ పారిస్తారు చూడండి, దానికి వాడే డ్రై ఐస్‌నే ఇక్కడ బియ్యపు గింజలంత ముక్కలుగా వాడతారు. గడ్డకట్టిన కార్బన్‌ డై ఆక్సైడ్‌ అది. చల్లదనం మైనస్‌ 78.5 డిగ్రీలు. కరిగి నీరవదు, నేరుగా వాయువైపోతుంది. ఈ గింజలతో పూతలూ మడ్డీ వదిలించవచ్చంటూ లాక్‌హీడ్‌ విమాన సంస్థ ఇంజినీరు కాల్విన్‌ ఫాంగ్‌ 1977లో పేటెంటు పొందారు. విమానాల కోసం పుట్టిన విద్య బాయిలర్లకు చేరింది.

కారు టైరులో గాలి కంటే మూడు నుంచి పది రెట్ల ఒత్తిడితో గింజల్ని చిమ్ముతారు. దెబ్బకి మడ్డి కదులుతుంది, చలికి బిగుసుకుని పగుళ్లిస్తుంది, పగుళ్లలో దూరిన గింజ వాయువై వందల రెట్లు ఉబ్బి దాన్ని పెళ్లగిస్తుంది. కిందపడేది తుప్పు ఒక్కటే. గొట్టాలు మాత్రం పొడిగా ఉంటాయి. ముందు వరసలు సులువే. లోపలి వరసల కోసం గొట్టాలను కొద్దిగా ఎడం చేసి, సన్నటి పొడవాటి గొట్టాన్ని సందులోకి పంపాలి. ఓపికతో చేయాల్సిన పని ఇది.

ఈ సరుకు నిల్వ ఉండదు. మందపాటి పెట్టెల్లో పెట్టినా రోజురోజుకీ తరిగిపోతుంది. అందుకే లారీ ఎప్పుడొస్తుందో చూసుకుని షిఫ్టులు వేస్తారు. మరి వాతావరణంలోకి ఇంకాస్త కార్బన్‌ డై ఆక్సైడ్‌ వదిలినట్టు కాదా? ఎరువులు, ఇథనాల్‌ లాంటి పరిశ్రమల్లో ఎలాగూ వెలువడే దాన్నే పట్టి గడ్డకట్టిస్తారు కనుక కొత్తగా పుట్టించింది కాదు. అయినా పక్కనున్న చిమ్నీ వదిలేదానితో పోలిస్తే అదెంత?

లోపల మనిషి

డబ్బాలోకి వెళ్లే దారి మనిషి వంగి దూరేంత. లోపల పరంజా, దీపాల వెలుగు, ఎర్రటి ధూళి, చెవులు చిల్లులు పడే హోరు. అసలు ప్రమాదం మాత్రం కంటికి కనిపించదు. కార్బన్‌ డై ఆక్సైడ్‌ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నేల దగ్గర, మూలల్లో చేరి ప్రాణవాయువుని నెట్టేస్తుంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో పుట్టినరోజు వేడుకకని ఈత కొలనులో డ్రై ఐస్‌ పోస్తే ముగ్గురు చనిపోయారు. సరదాకి తెచ్చిన పొగ అంత పని చేసింది. ఇక మూసి ఉన్న బాయిలర్‌ సంగతి చెప్పేదేముంది! అందుకే పెద్ద ఫ్యాన్లతో గాలి తోడుతుంటారు. ఒంటి మీద వాయువుని కొలిచే పరికరం, ముఖానికి బయటినుంచి గాలి అందించే తొడుగు ఉంటాయి. దారి దగ్గర ఒక మనిషి కాపలా. లోపలికెళ్లిన వాళ్ల పేర్లు రాసుకుని, అందరూ బయటికొచ్చేదాకా అక్కణ్నుంచి కదలకూడదు. మొత్తం పనిలో పెద్ద బాధ్యత అతనిదే అనిపిస్తుంది.

ఇంత హడావుడి ఎందుకంటే గడువు. ఏసీలు తిరగని మార్చి, ఏప్రిల్‌ నెలల్లో, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లోనే ప్లాంట్లు ఆపగలరు. టెక్సస్‌లో అత్యధిక ప్రాంతానిది సొంత గ్రిడ్‌. పక్క రాష్ట్రాలనుంచి అరువు తెచ్చుకునేది కొంచెమే. 2023 ఆగస్టు 10న అక్కడి డిమాండ్‌ 85,508 మెగావాట్లు తాకింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో గ్యాస్‌ సరఫరా, ప్లాంట్ల పరికరాలు గడ్డకట్టి 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో ఉండిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. ఆ మంచు పేరెత్తితే హ్యూస్టన్‌వాసులు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. ఈ మంచు లారీ వస్తే మాత్రం గేటు బార్లా తీస్తారు.

పని అయ్యాక రాలిన తుప్పుని వాక్యూమ్‌తో పీపాల్లోకి లాగుతారు. పనిముట్లు లెక్కపెడతారు, మరచిన ఒక్క స్పానరు కూడా లోపల ఉండిపోకూడదు. బోల్టులు బిగిస్తారు. టర్బైన్‌ అందుకున్నాక కంట్రోల్‌ రూములో అందరి కళ్లూ ఎదురొత్తిడి చూపే అంకె మీదే. అది దిగడం మొదలవగానే మంచు పెట్టెల లారీ మరో ప్లాంటుకి బయల్దేరుతుంది.