నాటిక రాసే చెల్లెళ్ళకు

పోయిన వార్షికోత్సవానికి నేను నాటిక రాశాను. దసరా సెలవులకు ఇంటికెళ్ళి, పెళ్ళి చేసేస్తే మళ్ళీ రాని మన స్నేహితురాలి గురించి. ఆమె వేషం వెయ్యడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. నేను రాసిన ఏడుపు మాటలు గట్టిగా చదివితే నాకే నవ్వొచ్చింది. మన అమ్మలు అలా పుస్తకంలా మాట్లాడతారా? మీరూ ముందు గట్టిగా చదివి చూసుకోండి.

వార్డెన్ మేడం ఒక సంగతి చెప్పారు. 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనపడరంట! అయినా కథంతా వాళ్ళున్నట్టే ఉంటది.

నేను ఆమె వేషం కొట్టేశాను. స్టేజీ మీద ఆమె రేకుపెట్టె పెట్టాం. భోజనం గంట కొట్టారు. అందరం కంచాలు తీసుకున్నాం, ఒక్క కంచం మిగిలింది. అక్కడ మాట ఒక్కటీ రాయలేదు. ముందు వరసలో కూర్చున్న వంట అక్క లేచి వెళ్ళిపోయింది.