కొత్త ప్రాసెసరు – పాత మదర్‌బోర్డు

యంత్రం మొరాయించినప్పుడు మనిషి స్వభావం బయటపడుతుంది. కొందరు దానిని తడతారు; కొందరు తిడతారు; ఎక్కువ మంది చివరగా ముట్టుకున్నవానిపై నేరం మోపుతారు. కారణాన్ని వరుసగా వెదికేవారు అరుదు. ఆ వరుసను గూర్చి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పడమే మా ఉద్దేశం.

మన సంచిక రెండు లిపులది. తెలుగు ఎడమ నుండి, ఉర్దూ కుడి నుండి నడచివచ్చి నడుమ కలుసుకుంటాయి. ఒకనాడు ఉర్దూ పుటలన్నీ కాతిబుల చేతివ్రాతలోనే వెలువడేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ రావడంతో ఆ సొగసైన లిపి కంప్యూటరు అక్షరకూర్పులోనూ సాధ్యమైంది. నేడు మన రెండు భాషల పుటలూ 2011లో కొన్న ఒకే డెస్క్‌టాప్‌లో తయారవుతున్నాయి. ఛాయాచిత్రాలున్న పుటలు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుండడంతో, దానిలోని రెండవ తరం కోర్ ఐ3 ప్రాసెసరును తీసి, 2012లో విడుదలైన మూడవ తరం కోర్ ఐ5ను అమర్చాలని నిశ్చయించాము. రెండింటికీ సాకెట్ ఒకటే. తిరుపతిలో తక్కువ ధరకు దొరికిన పాత సరుకును తెప్పించి, చివరి సంవత్సరం విద్యార్థి ఒకరిచేత బిగింపజేశాము.

మీట నొక్కగానే దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం చీకటిగానే ఉండిపోయింది. ప్రెస్సుకు పుటలు పంపవలసిన వారమది. కుర్రవాడు బోర్డును కాల్చివేశాడని ఒకరు, అంగడివాడు చచ్చిన ప్రాసెసరు అంటగట్టాడని మరొకరు తీర్పు చెప్పారు. కొత్త కంప్యూటరు కొనక తప్పదన్నారు ఇంకొకరు. ఆ విద్యార్థి మాత్రం తల వంచుకొని నిలబడ్డాడు.

మొదట రచనలను కాపాడుకున్నాము. అవి ఉండేది ప్రాసెసరులో కాదు, హార్డ్ డిస్కులో. దానిని వేరొక కంప్యూటరుకు తగిలించి ప్రతులు తీసుకోవడంతో సగం భయం తీరింది. తరువాత కరెంటు తీగ ఊడదీసి, లోహపు పెట్టెను తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును వదిలించుకొని పరీక్షకు పూనుకున్నాము. ప్రాసెసరుకు విద్యుత్తునందించే నాలుగు పిన్నుల తీగ సరిగానే ఉంది. ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా పెట్టి చూశాము. మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీని కొంతసేపు తీసి పెట్టాము. ఫలితం లేదు. ప్రాసెసరును ఎత్తి, సాకెట్‌లోని 1155 సన్నని పిన్నులను ఎండ వెలుగులో భూతద్దంతో పరికించాము. ఒక్కటి వంగినా తెర వెలగకపోవచ్చు. వరినాట్ల వలె అన్నీ వరుసతప్పక నిలిచి ఉన్నాయి.

అప్పుడు పాత ప్రాసెసరునే తిరిగి అమర్చాము. తెర వెలిగింది! బోర్డు, ర్యామ్, మానిటరు, విద్యార్థి చేయి, అన్నీ నిర్దోషులని ఆ ఒక్క వెలుగు సాక్ష్యమిచ్చింది. ఇక దోషి కొత్త ప్రాసెసరే అని తొందరపడేవారు అనవచ్చు. కాని తెరపై కనిపించిన బయాస్ తేదీ 2011 నాటిది. మీట నొక్కగానే ముందుగా మేల్కొని ప్రాసెసరును గుర్తించి, ర్యామ్‌ను సిద్ధపరచి, ఆపై తెరను వెలిగించే చిన్న ప్రోగ్రామే బయాస్. అది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. 2011లో వ్రాసిన ఆ ప్రోగ్రామ్‌కు 2012లో వచ్చిన ప్రాసెసరు ఎవరో తెలియదు. తెలియనివానితో పని మొదలుపెట్టలేక అక్కడే ఆగిపోయింది.

పాత ప్రాసెసరు ఉండగానే, అదే నమూనా బోర్డుకు తయారీదారు విడుదల చేసిన కొత్త బయాస్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అందించాము. ఈ పని నడుమ కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. కావున యూపీఎస్ తగిలించాము. ఆ కొద్ది నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. పిదప ఆ విద్యార్థిచేతనే కొత్త ప్రాసెసరును అమర్చించి, థర్మల్ పేస్టును కొత్తగా పూయించి, కూలర్‌ను నాలుగు మూలలా సమంగా బిగింపజేశాము. చిత్తూరు ఎండల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. మీట నొక్కగానే తెర వెలిగింది. తరువాతి ఉదయం పుటలు ప్రెస్సుకు వెళ్ళాయి.

విద్యార్థులారా! ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. దారి తప్పినప్పుడు, చివరగా పని జరిగిన చోటికి మరలి వెళ్ళి అక్కడి నుండి లెక్క మొదలుపెట్టండి. కొత్తవాడు పలకకపోతే అతడు అసమర్థుడని తీర్పు చెప్పకముందు, అతనిని గుర్తించే విద్య ఆ ఇంటికి ఉందా అని ఒక్కమారు విచారించండి.