పాస్‌వర్డ్ నెట్ అన్న దగ్గరుంది

జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే మిత్రుడొకరు ఫోన్ చేసి, "ఫైనలియర్‌కు వచ్చినా మా పిల్లలకు మెయిల్ రాయరాదు. ఒకసారి వచ్చి చూడరాదూ" అన్నాడు. ముందు కోరుట్లలో దిగమని కూడా తనే చెప్పాడు. వాళ్ళలో చాలామంది మెయిల్ ఐడీలు పుట్టింది అక్కడి నెట్ సెంటర్లలోనేనట.

ఒక్క షటర్ గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్. గోడ మీద దోస్త్, ఈపాస్, పాన్ కార్డు అని అతికించిన కాగితాలు. డిగ్రీ సీట్ల కోసం 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చినప్పటి నుంచి వేసవి సెలవుల్లో ఈ సెంటర్లే అసలు అడ్మిషన్ ఆఫీసులు. కుర్చీలో ముప్పై దాటని యువకుడు. ఊరి పిల్లలందరికీ 'నెట్ అన్న'. నేను అక్కడున్నంతసేపూ అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఎడమచేత్తో ఇంటర్ మెమో పట్టుకుని, కీబోర్డు వైపు చూడకుండా కుడిచేత్తో హాల్ టికెట్ నంబరు కొడతాడు. ఫోటో సైజు ఎక్కువైందని సైటు తిప్పికొడితే, అంచులు కత్తిరించి, కేబీలు తగ్గించి, ముఖం మసకబారకుండా మళ్ళీ ఎక్కిస్తాడు. సంతకం స్కాన్‌లో లేతగా వస్తే పిల్ల చేతికి నల్ల పెన్ను ఇచ్చి, "గట్టిగ పెట్టమ్మా" అంటాడు. అంత ఓపికగా పనిచేసే మనిషిని నేను ఏ సర్కారు కౌంటర్లోనూ చూడలేదు.

తల్లితో వచ్చిన ఒక అమ్మాయి రిజిస్ట్రేషన్ 200 రూపాయలు కట్టింది. మెయిల్ గడి దగ్గరికి వచ్చేసరికి అతని వేళ్ళు ఆగాయి.

"మెయిల్ ఉన్నదా అమ్మా?"

"లేదన్నా."

నిమిషంలో తయారైంది. అమ్మాయి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, హాల్ టికెట్‌లో చివరి నాలుగు అంకెలు. పాస్‌వర్డ్‌గా పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ. ఫోన్ నంబరు అడిగిన చోట తన నంబరే కొట్టాడు. మెమో జిరాక్స్ వెనక బాల్‌పెన్నుతో ఐడీ రాసిచ్చి, అదే తన లాంగ్ నోట్‌బుక్కులోనూ రాసుకున్నాడు. ఆ నోట్‌బుక్కులో పేజీల కొద్దీ పిల్లల పేర్లు, పక్కన పాస్‌వర్డ్‌లు.

మీ నంబరెందుకు అని అడిగాను. "ఏం జెయ్యాలె సార్. ఆధార్‌కు లింకున్న సిమ్ము బాపు దగ్గర ఉంటది. బాపు మస్కట్‌ల ఉంటడు. దోస్త్ ఓటీపీ కోసం ఆయనను ఆడికెళ్లి పని ఆపిచ్చి అడగాలె. మెయిల్‌కు గూడ గదే లొల్లి ఎందుకని నాది ఇస్త. రాత్రి పదకొండింటికి గూడ అన్నా ఓటీపీ అని ఫోన్ జేస్తరు."

అతని మీద నాకు కోపం లేదు, గౌరవమే ఉంది. నా కోపమల్లా పద్దెనిమిదేళ్ళ పిల్ల పేరుతో తెరిచే మొదటి ఉత్తరాల పెట్టె తాళంచెవి ఆమె చేతికి రాకపోవడం మీద. ఈ ప్రాంతానికి ఆ కష్టం కొత్త కాదు. దుబాయి నుంచి ఉత్తరం వస్తే చదువు రాని తల్లులు పక్కింటి బడిపిల్లవాడితో చదివించుకున్న ఊళ్ళివి. భార్యాభర్తల మధ్య మాట మూడో మనిషి గొంతులోంచి పోవాల్సి వచ్చేది. అది చదువు లేని రోజుల సంగతి. ఇవాళ డిగ్రీలో చేరుతున్న అమ్మాయి ఉత్తరం కూడా మూడో మనిషి చేతిమీదుగానే పోతోంది. తేడా ఏమిటంటే, ఆమెకు చదువొచ్చు. నేర్పినవాళ్ళు లేరు, అంతే.

జగిత్యాలలో మిత్రుడి క్లాసులో కూర్చున్నాను. లెక్చరర్‌కు ఒక మెయిల్ రాయమన్నాడు, విషయం వాళ్ళ ఇష్టం. ఫోన్లలో రాస్తున్నారు. వెనక బెంచీ అబ్బాయి తెరలోకి తొంగిచూశాను: 'రెస్పెక్టెడ్ సర్, యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్...' పక్కవాడిదీ అదే. జ్వరం ఎవరికీ లేదు. బడిలో బట్టీ పట్టిన లీవ్ లెటర్ తప్ప జన్మలో ఇంకో ఉత్తరం రాయలేదు వాళ్ళు. మనసులో ఉన్నది అడగడానికి రాసే ఉత్తరం ఎవరూ నేర్పలేదు. ఒకడు సబ్జెక్టు గడి ఖాళీగా వదిలి, రెజ్యూమె అంటించి పంపేశాడు. మరొకడి అడ్రసులో హీరో పేరు, పక్కన 'డైహార్డ్'. అది పెట్టుకున్నప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడట. అదే ఐడీతో రేపు ఉద్యోగానికి అప్లై చేస్తాడు.

"సార్, తెలుగుల రాయచ్చా?" అని ముందు వరుస అమ్మాయి అడిగింది. నిక్షేపంగా రాయొచ్చు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది, అవతల చదివే లెక్చరర్‌ది ఇదే జిల్లా. అయినా మెయిల్ అంటే ఇంగ్లిష్ అని, ఇంగ్లిష్ రాకపోతే అడిగే హక్కు లేదని ఆ పిల్లలకు ఎలా నాటుకుందో! ఈ చుట్టుపక్కలే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, పొలాసలో వ్యవసాయ కాలేజీ, కోరుట్లలో పశువైద్య కాలేజీ ఉన్నాయి. ఇన్ని పెద్ద చదువులు తెచ్చుకున్న నేల మీద మొదటి వారంలో ఒక్క గంట మెయిల్‌కు ఇవ్వలేమా? కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఎవరి ఐడీ వాళ్ళతో తెరిపిస్తే చాలు. సొంత పేరు, సొంత నంబరు, ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్. విషయం ఒక వాక్యంలో పైన, కింద పేరు, కోర్సు, హాల్ టికెట్ నంబరు. 25 ఎంబీ దాటిన ఫైలు జీమెయిల్‌లో అంటించుకోదని, సెట్టింగ్స్‌లో మారిస్తే పంపిన మెయిల్‌ను 30 సెకన్ల వరకూ వెనక్కి లాక్కోవచ్చని చెప్పడానికి ఎంతసేపు!

అక్కడి నుంచి సిరిసిల్లకు వెళ్ళింది మిత్రుడి పాత విద్యార్థిని కోసం. బీకాం అయిపోయింది. తండ్రిది సాంచెల (మరమగ్గాల) మీద పని, తల్లి బీడీలు చేస్తుంది. వీధిలో సాంచెల చప్పుడుకు మాట వినపడక లోపలి గదిలో కూర్చున్నాం. ఒక కంపెనీ ఇంటర్వ్యూ తేదీ మెయిల్‌కు పంపామని ఫోన్‌లో చెప్పిందట. మెయిల్ తెరుచుకోలేదు. ఐడీ చేసిచ్చిన సెంటర్ మూతపడింది, కోడ్ పోవాల్సిన సిమ్ము బందైంది. తేదీ దాటిపోయింది. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది కూడా. అడ్మిషన్ రోజు తెరిచి మళ్ళీ చూడని ఇలాంటి ఐడీల గతేమిటి?

కొత్తది ఆమే చేసుకుంది, నేను ఫోన్ ముట్టుకోలేదు. పేరు మూడుసార్లు మార్చి కొట్టి చూసింది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఫోన్ నావైపు నుంచి తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూసి నాకెంత సంతోషమైందో! తర్వాత కాలేజీకి ప్రొవిజనల్ సర్టిఫికెట్ గురించి తెలుగులోనే రాసింది: 'నమస్కారం సార్. నేను బీకాం పూర్తి చేశాను. ప్రొవిజనల్ ఎప్పుడు ఇస్తారో తెలుపగలరు.' కింద పేరు, హాల్ టికెట్ నంబరు.

పంపించాక అడిగింది. "సార్, వాళ్ళు జవాబియ్యకపోతే మళ్ళ రాయచ్చా? కోపం జేస్తరా?"

రాయొచ్చమ్మా, వారం చూసి, అదే మెయిల్ కిందే రాయమన్నాను. అప్పటికీ రాకపోతే ప్రిన్సిపాల్‌ను కూడా కలిపి రాయమన్నాను. సీసీ గడి ఎక్కడుందో అడిగి చూసుకుంది.